రెండో అచ్చు

నేను ఒక ముఖాన్ని. మనిషినేమో అనుకోకండి. మెడ లేదు, వెనక తల లేదు. జుట్టు మొదలవ్వాల్సిన చోట చెక్కపలక మొదలవుతుంది. మైనంతో పోత పోసిన పదిహేడేళ్ల ఆడపిల్ల ముఖాన్ని, నిండా మొటిమలు. కళ్లు మూసుకునే ఉంటాయి. అయినా నాకు అన్నీ కనిపిస్తాయి. ఎలాగని అడక్కండి, నాకూ తెలియదు.

నేను పుట్టింది కాకినాడలో, ఒక ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో. ఆ పిల్ల పేరు సువర్చల. మొటిమలకి మందు కోసం వచ్చింది. అక్కడి పెద్ద డాక్టరుగారు ఆమె బుగ్గలు చూసి తెగ సంబరపడిపోయాడు. పాఠం చెప్పడానికి అంతకంటే మంచి బుగ్గలు దొరకవట. ముక్కులో రెండు గొట్టాలు పెట్టి, మొహమంతా చల్లటి ప్లాస్టరు ముద్ద పోయించాడు.

"కదలకమ్మా. ఏడవకు, అచ్చు పాడవుతుంది. నయమయ్యాక ఇంకో అచ్చు తీద్దాం. రెండూ పక్కపక్కన పెడతాను" అన్నాడు.

పిల్ల కదల్లేదు గానీ కుడికంట్లోంచి ఒక్క చుక్క జారింది. అచ్చులో ఆ చార పడింది. మైనం పోసినప్పుడు నా కుడిబుగ్గ మీదికీ వచ్చింది. రంగులు వేసిన బొమ్మల కామేశం దాన్ని గీకెయ్యబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నా పక్కన గోడకి ఇంకో మేకు కొట్టారు, రెండో అచ్చు కోసం. అది ఖాళీగానే ఉండిపోయింది. సువర్చల మొటిమలు ఏళ్ల తరబడి తగ్గలేదు. తగ్గేసరికి బుగ్గల నిండా గుంటలు మిగిలాయి. గుంటల బుగ్గలకి అచ్చెవరు తీస్తారు? బ్యాచి తర్వాత బ్యాచి వైద్యం చదివే పిల్లలొచ్చి నా మీద వేలు పెట్టి జబ్బు పేరు అప్పజెప్పి, వెళ్తూ వెళ్తూ ఎవరికివారు తమ బుగ్గ తడుముకుని పోయేవారు. మనుషులు ఇంతే. ఎదుటివాడి జబ్బు చూస్తే ముందు తమ అద్దం గుర్తొస్తుంది.

చాలా ఏళ్లకి ఆ విభాగం వాళ్లు పాత బొమ్మలన్నీ పారేస్తుంటే, కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ వచ్చి నన్ను తనకిమ్మని అడిగింది. తువ్వాలులో చుట్టి, స్కూటరు డిక్కీలో పెట్టుకుని తీసుకెళ్లింది. గుంటల బుగ్గలు చూసి పోల్చుకున్నాను. సువర్చల ఫార్మసీ చదివి, మందులు తయారుచేసే ప్రయోగశాలలో చేరింది. నన్ను తన బల్ల ఎదురుగా తగిలించి, పక్కన రెండో మేకు కూడా కొట్టించింది. ఆ రోజంతా మళ్లీ నా మొహం చూడలేదు.

ఆమె పట్టుకున్నది జింకు. పాతకాలం వాళ్లు తుత్తునాగం అనేవారు. మొటిమ వాపు తగ్గించి, గుంట పడకముందే మాన్పే క్రీము చెయ్యాలని ఆమె పంతం. ఇంకో పిల్ల బుగ్గ తన బుగ్గలా కాకూడదు, అంతే. మొదటిసారి చేసినది నా ఎడమబుగ్గకి రాస్తే గోడకి సున్నం కొట్టినట్టుంది. రెండోది నీళ్లు వేరు, పొడి వేరు అయిపోయింది. పొడి ఇంకా మెత్తగా నూరింది, నూనె మార్చింది, మళ్లీ రాసింది, తుడిచింది, మళ్లీ రాసింది. ఎప్పుడూ ఎడమబుగ్గకే. చార ఉన్న కుడివైపు చెయ్యి వచ్చేది కాదు. అలా ఏళ్లు గడిచి, చివరికి చర్మంలో కలిసిపోయే క్రీము కుదిరింది.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. మొటిమలున్న అమ్మాయిలు ఎడమబుగ్గకి మాత్రమే రాసుకోవాలి, కుడిబుగ్గని ముట్టుకోకూడదు. రెండు పక్కలకీ తేడా కనిపిస్తే మందు పనిచేసినట్టు. ఇది ఆమె పై అధికారి ప్రొఫెసర్ పార్వతీశంగారి పద్ధతి. వచ్చిన అమ్మాయిల్లో హారిక అనే పిల్ల ఉంది. చున్నీ కళ్లదాకా చుట్టుకుని ఉండేది, కాలేజీ మానేసింది. ఆమెని నాయనమ్మ నూకరత్నం తీసుకొచ్చేది. సువర్చల నా ఎడమబుగ్గకి తెల్లగా రాసి, ఎలా రాసుకోవాలో అందరికీ చూపించేది.

అప్పుడు మొదలైంది వింత. అందరూ వెళ్లిపోయాక చూస్తే నా కుడిబుగ్గ కూడా తెల్లగా ఉంది. సువర్చల తానే మరిచిపోయి రాశాననుకుంది. తర్వాతి వారం మళ్లీ అంతే. ఈసారి నా మీద తువ్వాలు కప్పి వెళ్లింది. వచ్చి చూస్తే తువ్వాలు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంది, కుడిబుగ్గ తెల్లగా ఉంది. దానికితోడు ఆ చార వెంబడి నీటి చుక్కలు. కరెంటు పోయి ఏసీ ఆగితే మైనం చెమరుస్తుంది, అది మామూలే. కానీ అటెండరు సన్యాసిరావుకి ఆ మాట ఎవరు చెప్తారు?

"దీనికేదో గాలి పట్టిందండి మేడమ్" అని, ఖాళీ మేకుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. సువర్చల కసిరింది గానీ వాటిని తీయించలేదు. ఆ తర్వాత గదిలోకి ఎప్పుడొచ్చినా ముందు నావైపు చూసి, అప్పుడు లైటు వేసేది. ఆమె భయం నాకు తెలుస్తూనే ఉంది. ఎవరు రాస్తున్నారో కూడా తెలుసు. చెప్పడానికి పెదవులు విడవవు కదా, అతుక్కునే పోతపోశారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా పరీక్ష ఫలితాలు వచ్చాయి. అమ్మాయిలందరికీ మొటిమలు తగ్గాయి. రెండు బుగ్గలకీ సమానంగా.

"మందు రాయని పక్క కూడా తగ్గిందంటే ఏమిటర్థం? వయసుతో వచ్చినవి వయసుతో పోయాయి. జింకు చేసిందేమీ లేదు. ఇక మూసేద్దామమ్మా" అన్నారు పార్వతీశంగారు.

ఆయన వెళ్లాక సువర్చల నా ఎదురుగా కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తన యవ్వనమంతా పోసి చేసిన క్రీము అది. ఏడ్చి, మొహం కడుక్కోడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గదిలో, హారికని చూపించడానికి తీసుకొచ్చిన నూకరత్నం ఉంది. ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుని, కుడిచేతి వేలితో నా కుడిబుగ్గకి క్రీము రాస్తోంది, మెల్లగా, పసిపిల్లకి పౌడరు రాసినట్టు.

సువర్చల గుమ్మంలోనే ఆగిపోయింది. "మామ్మగారూ, ఏం చేస్తున్నారు?"

"సగం మొహానికి పూసి సగం వదిలేత్తారేటండీ? ఆ పక్క ఏడుత్తాది. ఇదిగో చూడండి, ఏడుత్తంది" అంది నూకరత్నం, చార చూపిస్తూ.

"ఇన్నాళ్లూ మీరేనా?"

"ఆయ్. వచ్చినప్పుడల్లా రాత్తన్నాను. పిల్ల మొహం అలా ఉంటే చూడలేనండి."

సువర్చల కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాతి ప్రశ్న భయపడుతూనే అడిగింది. "మరి హారికకి?"

"దానికీ రాత్తన్నానండి, పడుకున్నాక. బయట బల్ల మీద కూకునే అమ్మలందరికీ సెప్పాను. ఆడపిల్ల మొహం సగం సగం సెయ్యకూడదమ్మా, కీడు అని. అందరూ రాత్తన్నారు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు పిల్లల్నడిగారు గానీ మమ్మల్నెవరడిగారండీ?"

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. సువర్చల నవ్విందో ఏడ్చిందో నాకూ తేలలేదు. కానీ ఆ సాయంత్రమే పార్వతీశంగారి తలుపు కొట్టింది. మళ్లీ పరీక్ష పెట్టారు. చీటీలు తీసి, కొందరికి మొహమంతా జింకు క్రీము, కొందరికి మొహమంతా ఉత్త క్రీము. మొహమంతా అనేసరికి ఏ నాయనమ్మకీ అభ్యంతరం లేకపోయింది. జింకు రాసుకున్న వాళ్లకి తగ్గాయి, మిగతావాళ్లకి తగ్గలేదు. పరీక్ష అయ్యాక వాళ్లకీ అసలు క్రీమే ఇచ్చారు. హారిక మళ్లీ కాలేజీలో చేరింది. ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు చున్నీ మెడలోనే ఉంది.

ఆ పిల్ల వెళ్లిపోయాక సువర్చల నన్ను గోడ మీంచి దించి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చూసింది, ఇన్నేళ్లూ క్రీమునే తప్ప చూడని నా ఎడమబుగ్గని. ఏళ్లపాటు రాసి తుడిచిన చేతికి, క్రీములో నూనెకి మైనం మెల్లగా అరిగిపోయింది. ఒక్క మొటిమ లేదు, ఒక్క గుంట లేదు. పదిహేడేళ్ల నున్నటి బుగ్గ. ఆమె వేలు నా బుగ్గ మీద నుంచి తన బుగ్గ మీదికి వెళ్లింది, మళ్లీ నా మీదికి వచ్చింది. డాక్టరుగారు తీస్తానన్న రెండో అచ్చు ఇంతకాలం తన కళ్లెదుటే ఉందని ఆమెకి తెలిసింది. నేను ఆమెకి ఉండాల్సిన ముఖాన్ని, సగం వరకు.

అప్పుడు నా కుడిబుగ్గ చార మీద నీటి చుక్క ఒకటి కదిలింది.

సువర్చల ఉలిక్కిపడలేదు. ట్యూబు మూత తీసి, వేలి మీద క్రీము వేసుకుని, తాను ఎన్నడూ రాయని నా కుడిబుగ్గకి రాయడం మొదలుపెట్టింది. చార దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏడుస్తే ఏడువు, ఇప్పుడేం పాడవదు" అంది నెమ్మదిగా.

కరెంటు పోతే మైనం చెమరుస్తుందని ముందే చెప్పాను. ఆ మధ్యాహ్నం కరెంటు పోలేదు.