గోవిందయ్య పేరున రసీదు

“నీ కడుపు నొప్పి నరసరావుపేట ఆస్పత్రికి పోతే తప్ప తగ్గదా ఏంది? మా రోజుల్లో గుప్పెడు వాము నమిలి పనిలోకి పోయేవాళ్ళం” అంది అత్త కోటమ్మ, మంచం మీద నుంచి కదలకుండానే. కొండమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు. ఆమెకు కడుపు నొప్పి లేదు. ఉన్నది భయం. రెంటికీ ముఖం ఒకేలా వాడిపోతుంది కనుక ఆ అబద్ధం ఆరు నెలలుగా చెల్లిపోతోంది. అన్నం వార్చి, కూర చేసి, అత్తకు నీళ్ళు తోడి పెట్టి, మొగుడికి క్యారేజీ కట్టి పంపాకే ఆ నొప్పి రావాలి. అంతకు ముందు వచ్చే నొప్పికి ఆ ఇంట్లో చోటు లేదు.

కారంపూడిలో బస్సెక్కి కిటికీకి దూరంగా కూర్చుంది. మొగుడు గోవిందయ్య లారీలకు నాపరాళ్ళు ఎత్తే జట్టులో మనిషి. ఆ లారీలన్నీ ఈ రోడ్డు మీదే తిరుగుతాయి. ఎదురుగా రాళ్ళ లారీ కనపడ్డ ప్రతిసారీ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఆయన మరీ చెడ్డవాడేం కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లే చెయ్యి చేసుకుంటాడు. కోటమ్మ దాన్ని కూడా కొడుకు మంచితనం కిందే చెప్పుకుంటుంది. కొండమ్మ భయం దెబ్బలకు కాదు. తను డబ్బు దాచుకున్నదని ఆ ఇంట్లో తెలిసిన మరుక్షణం అది తనది కాకుండా పోతుంది. ఆ భయం.

ఏడువందల యాభై రూపాయలు. మూడేళ్ళ తాలుకాయలు అవి. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా షావుకారు కొట్టంలో మిరపకాయల తొడిమలు తీస్తే వచ్చే కూలి ప్రతి శనివారం గోవిందయ్య చేతిలోకే పోయేది. “నీకేం ఖర్చుందే? కూడు తింటన్నావు, కోక కడతన్నావు” అనేవాడు, అదేదో తను చేస్తున్న అన్నదానమైనట్టు. తెల్లగా పాలిపోయిన తాలుకాయల్ని మాత్రం షావుకారు కూలివాళ్ళకు వదిలేసేవాడు. మిగతా ఆడవాళ్ళు వాటిని కారానికి దంచుకుంటే, కొండమ్మ బస్టాండు హోటలుకు అమ్మింది. ఆ డబ్బు పక్కింటి హజ్రా బీ పెట్టెలో దాచింది. హజ్రా బీ ఇంట్లో కూర్చునే జాకెట్లు కుడుతుంది. కొండమ్మకు తీరిక దొరికినప్పుడల్లా తన మిషను మీదే కుట్టు నేర్పింది. కుట్టు మీద కొండమ్మకు మోజేం లేదు. మిరపకాయ ఘాటుకు పగిలిన చేతులతో చెంప నిమిరితే రెండేళ్ళ కూతురు “మంట, మంట” అని ఏడ్చి వెనక్కి జరిగేది. సొంత బిడ్డను ముట్టుకోవడానికి భయపడే బతుకు పగవాళ్ళకు కూడా వద్దనిపించేది. ఆ చేతులు మిరపకాయల్లోంచి బయటపడాలి, అంతే.

ఎనభై అయిదులో, దీపావళికి ముందు, హజ్రా బీని తోడు తీసుకొని నరసరావుపేటలో కుట్టుమిషన్ల కొట్టుకు వెళ్ళి ఒక మిషనుకని మొత్తం డబ్బు కట్టింది. కొట్టు యజమాని రాజారత్నం బిల్లు పుస్తకం తెరిచి “ఇంటాయన పేరు?” అన్నాడు. డబ్బెవరిదని అడగలేదు. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు కొండమ్మ వాళ్ళ ఆడవాళ్ళకు లేదు. సిగ్గుపడి హజ్రా బీ వైపు చూస్తే, ఆమె “గోవిందయ్య, కారంపూడి” అని చెప్పేసింది. నా పేరే రాయమని అడగొచ్చన్న ఊహ ఇద్దరికీ తట్టలేదు. అదే కొంప ముంచింది.

పది రోజుల్లో వస్తుందన్న మిషను సంక్రాంతి దాటినా రాలేదు. ఒకసారి వెళ్తే మద్రాసులో బయల్దేరిందన్నాడు. ఇంకోసారి వెళ్తే లారీల సమ్మె అన్నాడు. ఉగాది దగ్గర పడ్డాక మూడోసారి వెళ్ళి కొండమ్మ “నాకు మిషనొద్దయ్యా, నా డబ్బు నాకియ్యి” అంది. రాజారత్నం రసీదు తిప్పి చూశాడు. “ఇది గోవిందయ్య పేరున ఉంది. ఆయనా రావాలి, రసీదూ రావాలి. సంతకం పెట్టి తీసుకుపోతాడు. రూలంటే రూలే” అన్నాడు. ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోవడం గమనించాడు. వ్యాపారి కదా, సరుకు ఎక్కడుందో ఇట్టే పసిగడతాడు. “ఏం, ఆయనకు తెలవదా? పోనీ నేనే కబురు చెయ్యనా?” అని నవ్వాడు. “వద్దయ్యా, నీకు దణ్ణం పెడతా” అని రసీదు కొంగున ముడేసుకొని వచ్చేసింది.

ఆ తర్వాత నెలంతా గుమ్మంలో మొగుడు చెప్పులు విడిచిన చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి లేచి నిలబడేది. “ఏందే అట్టా బెదిరిపోతన్నావు?” అనేవాడు గోవిందయ్య. ఏమీ లేదని చెప్పి ఇంకో గరిటె పప్పు వేసేది.

ఈసారి బస్సు దిగేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. కాళ్ళు పట్టుకోవాలి. సగమిచ్చినా తీసుకోవాలి. కొట్టు మెట్లెక్కుతుంటే రాజారత్నం పేపరులోంచి తల ఎత్తాడు.

“మళ్ళీ ఏందమ్మా? మీ ఆయన డబ్బు తీసుకుపోయాడుగా.”

కొండమ్మకు ఆ మాట బుర్రకెక్కలేదు.

“ఉగాదికి ముందర. మా గుమాస్తా ఆ లారీలోళ్ళ కాడ నోరు జారాడు. మీ ఆయన నలుగురు జట్టు మనుషుల్ని ఏసుకొని వచ్చి కొట్టులో నిలబడ్డాడు. ఇయ్యక ఏం చేస్తాను? ఇదిగో వేలిముద్ర. నీకు చెప్పొద్దన్నాడు కూడానూ.”

ఉగాదికి ముందు వారమే గోవిందయ్య కొత్త సైకిలు తెచ్చాడు. మేస్త్రీ బయానా ఇచ్చాడని చెప్పాడు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దిష్టి తీసింది కొండమ్మే. ఆయనకు ఎక్కడ తెలుస్తుందోనని తను వణికిపోయిన ఆ నెల రోజులూ ఆయనకు అంతా తెలుసు. తెలిసే “ఏందే అట్టా బెదిరిపోతన్నావు?” అని అడిగాడు. తెలిసే రెండోసారి పప్పు పెట్టించుకు తిన్నాడు.

ఏడుపు రాలేదు. కొంగు ముడి విప్పి రసీదు తీసింది.

“ఇది నా కాడే ఉంది. మరి ఏం చూసి ఇచ్చావయ్యా ఆయనకు?”

“చూసేదేంది? పేరు ఆయనది. మొగుడు గదా!”

“కాయితం చేతిలో ఉన్నా, మనిషి లేడని నాకియ్యలా. కాయితం లేకపోయినా మొగాడని ఆయనకిచ్చావు.”

దారాలు కొనుక్కుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూశారు. రాజారత్నం పేపరు మడిచాడు. “మీ ఇంటి గొడవ ఇంటికాడ తేల్చుకోండి. పో, బస్సు పోద్ది” అన్నాడు గొంతు తగ్గించి.

కొండమ్మ పోలేదు. కొట్టు మెట్టు మీద, వచ్చేపోయేవాళ్ళకు అడ్డంగా కూర్చుంది. భయం పోయిందంటే అబద్ధం. కానీ దేన్ని పోగొట్టుకుంటానని ఇన్నాళ్ళూ చచ్చిందో అది ఎప్పుడో పోయింది. ఇక దేని కోసం లేవాలి?

“మిషనన్నా ఇయ్యి, డబ్బన్నా ఇయ్యి. అందాకా లెయ్యను. అడిగినోళ్ళందరికీ ఈ రసీదు చూపిస్తా” అంది.

“మీ ఆయనకు కబురు చేస్తా చూడు!”

“చెయ్యి” అంది కొండమ్మ. “వచ్చేటప్పుడు ఆ సైకిలు కూడా తెమ్మను.”