నాలుగు గదుల హోటల్లో మా బావ

మా అక్క ఉద్యోగం తిట్లు వినడం. ఓ ఫ్రిజ్‌ల కంపెనీ కాల్ సెంటర్లో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఫ్రిజ్ చల్లబడనివాళ్ళ గోడూ, మరీ చల్లబడి తలుపు ఊడిరానివాళ్ళ గోడూ సాయంత్రం దాకా వింటుంది. ఇంటికొస్తే మా బావ. ఆయనది సెలూన్. కత్తెర ఆగినా నోరు ఆగదు. కస్టమర్లు ముద్దుగా వసపిట్ట అంటారు.

పెళ్ళిరోజుకి ఏం కావాలని బావ అడిగితే అక్క తడుముకోకుండా చెప్పింది.

"ఎవరూ మాట్లాడని చోటికి తీసుకెళ్ళు."

ఆ హోటల్ని ఫోన్లో వెతికి పట్టింది కూడా తనే. ఊరికి ఎడంగా, సముద్రపు ఒడ్డున, నాలుగే గదులు. టీవీ లేదు, సిగ్నల్ రాదు. మంచీచెడూ చూసి తేల్చమని ఇద్దరూ నా దగ్గరికొచ్చారు.

"చుట్టుపక్కల మనుషులే ఉండరటే!" అంది అక్క మురిసిపోతూ.

"మనుషులే ఉండరట," అన్నాడు బావ, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు.

నేను అక్క పక్షమే పలికాను. తోడబుట్టింది కదా.

మొదటిరోజు అక్క వరండాలో పడక్కుర్చీ ఎక్కింది, దిగలేదు. వేడినీళ్ళు రాలేదు. కుళాయి తిప్పితే నీళ్ళకంటే ముందు ఇసుక రాలింది. పరుపు మీద చీమలు బారులు తీరాయి. ఇవేవీ ఆమెకి పట్టలేదు. బావకి మాత్రం కాలూ చెయ్యీ ఆడలేదు. ఒక గదిలో పుస్తకంలోంచి తలెత్తని పెద్దాయన, ఇంకో గదిలో ఒకళ్ళనొకళ్ళు తప్ప లోకాన్ని చూడని కొత్త జంట. హోటల్ యజమాని ఉన్నాడు గానీ, తల ఊపడమే తప్ప నోరు విప్పడు.

"అలలు ఎప్పుడూ ఇంత జోరుగానే ఉంటాయా అండీ?" అని బావ కదిపి చూశాడు.

యజమాని తల ఊపాడు.

"వానాకాలంలోనో?"

మళ్ళీ ఊపాడు.

మర్నాడు అక్క కళ్ళు తెరిచేసరికి బావ మెట్ల మీద కూర్చుని ఒక పీతతో మాట్లాడుతున్నాడు.

"పక్కకి నడవడం బాగానే ఉందిగానీ, పని ఎదురుగా పడితే ఏం చేస్తావోయ్?"

అక్కకి జాలేసింది. "పోనీ, కాసేపు అలా తిరిగిరా," అంది. అక్కడే పొరపాటు చేసింది.

యజమాని జుట్టు చెవుల్ని ఎప్పుడో మింగేసింది. నిన్నటి నుంచీ బావ చూపు దాని మీదే ఉంది. సంచిలో కత్తెర లేకుండా ఆయన గడప దాటడు.

"ఏమీ అనుకోకపోతే, ఆ చెవుల దగ్గర కాస్త సర్దనా?"

యజమాని తల ఊపాడు. అది ఔనో కాదో తెలీదు. బావ ఔననుకున్నాడు.

ఇసుకలో కుర్చీ వేసి, మెడకి తువ్వాలు చుట్టి కత్తెర ఆడించాడో లేదో, ఆ మౌనమునికి నోరు పెగిలింది. తమ్ముడు చేసిన మోసం, పైకప్పు కురవడం, వంటమనిషి అలకలు వరసగా బయటపడ్డాయి. ఆ గోలకి పెద్దాయన పుస్తకం మూసి వచ్చాడు. కొత్త పెళ్ళికొడుకు వచ్చాడు. ఆపైన వలలు బాగుచేసుకునే నలుగురు ఎక్కణ్ణించి ఊడిపడ్డారో, వాళ్ళూ లైన్లో నిలబడ్డారు.

ఏమైందోనని అక్క పరుగున వచ్చింది. యజమాని సగం కత్తిరించిన తలతో లేచాడు.

"అమ్మా, మీరు ఫ్రిజ్‌ల కంపెనీలో చేస్తారటగా? మా వంటింట్లో ఫ్రిజ్ పోయినవారం నుంచీ ఒకటే మూలుగు!"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ," అంది అక్క. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. అన్నాక బావ వంక ఒక చూపు చూసింది. కత్తెర ఆగింది, నోరు కూడా.

ఆమె తిన్నగా సముద్రంలోకి నడిచి, మెడలోతు నీళ్ళలో నిలబడింది. బావ కంగారుగా ఆ తలని పూర్తిచేసి, బట్టలతోనే వెనకాల దిగాడు.

"అది కాదే, నేనేదో..."

అల వచ్చి నోరు నింపింది. ఉమ్మేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంకో అల వచ్చింది. ఇక లాభంలేదని పెదాలు బిగించి, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అక్కకి నవ్వాగలేదు. ఎండెక్కేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగాను. బావ వేడినీళ్ళ దగ్గర మొదలుపెట్టి చీమల దాకా వచ్చాడు.

"చాలా బాగుందే," అంది అక్క. "పైయేడు కూడా అక్కడికే."