అప్పలసూరి గారికి పనస పడదు

అప్పలసూరికి పనస పడదన్న సంగతి నందిగాం మండలంలో తెలియని మనిషి లేడు. ఎవరింట పెళ్ళి జరిగినా వంటవాళ్ళకి ముందే హెచ్చరిక వెళ్ళేది. "పనసపొట్టు కూర ఒద్దర్రా, పెసిడెంటుగారు భోజనానికొత్తారు." సర్పంచి పదవి పోయి ఏళ్ళయినా ఆయన పెసిడెంటుగారే. పనసపండు కోసిన ఇంటి అరుగు మీద కూర్చునేవాడు కాదు. ఓసారి టెక్కలి వెళ్తుంటే ఎవరో బస్సులోకి పనసపండు ఎక్కించారని, మధ్యదారిలో దిగిపోయి మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నిలబడ్డాడు. పనసతోటల ఉద్దానం పక్కన బతుకుతూ పనస గిట్టదనడమంటే చెరువులో కాపురం పెట్టి తడి పడదనడమే. అయినా పెద్దమనిషి కాబట్టి ఎవరూ నవ్వలేదు, ఎదురుగా.

దీనికో కారణముంది. చిన్నప్పుడు మేనమామ ఇంట్లో పనస జిగురు ఆయన జుట్టుకంటుకుంది. కొబ్బరినూనె రాశారు, కిరసనాయిలు రాశారు, పిల్లాడు ఏడ్చాడేగాని జిగురు వదల్లేదు. చివరికి మేనమామ మంగలిని పిలిపించి నున్నగా గుండు గీయించేశాడు. మర్నాడే బళ్ళో గ్రూపు ఫోటో. మొక్కు లేదు, మైల లేదు, అందరి మధ్యా మెరుస్తూ ఓ గుండు. "పనసగుండు" అన్న పేరు పెద్దయ్యేసరికి పోయిందిగాని, పనస వాసన తగిలితే మాత్రం కడుపులో దేవేది. నటన కాదు. నిజంగానే దేవేది.

ఇల్లాలు కామేశ్వరమ్మది జలంత్రకోట. పుట్టింటి తోటలో కొబ్బరిచెట్ల మధ్య పనసచెట్లకి మొదలు నుంచి చివర దాకా కాయలు వేలాడుతుంటాయి. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆవిడ తేల్చి చెప్పింది. "మీకు పడదు, నాకు పడతాది. ఎండాకాలం పదిహేన్రోజులు మా ఊరెళ్ళి తినేసి వొత్తాను. మీరు కాదనకూడదు." ఆయన కాదనలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ ఎప్పుడూ తప్పని మాట అదొక్కటే.

మొన్న మాఘమాసంలో ఇచ్ఛాపురంలో ఒక గృహప్రవేశానికి పిలుపొచ్చింది. ఆ ఇంటివాళ్ళు పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే యువరాజుకి బాగా కావలసినవాళ్ళు. యువరాజు అప్పలసూరికి వరసకి బావమరిది, అంతకంటే ముందు స్నేహితుడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడుతూ ఇంటివాళ్ళు కొసరి కొసరి వడ్డిస్తున్నారు. విస్తరిలో ముదురెరుపు రంగులో, నూనె తేలుతూ, ముక్కలు ముక్కలుగా ఒక మసాలా కూర పడింది.

అప్పలసూరి ఉలిక్కిపడ్డాడు. "ఒరే బావా, ఇది మాంసవేట్రా? ఈయేళ శనోరం."

యువరాజు నోట్లో ముద్ద అక్కడే ఆగింది. అది లేత పనసకాయ కూర అని అతనికి తెలుసు. నిజం చెబితే బావ విస్తరి ముందు నుంచి లేచిపోతాడు, కొత్త ఇంట్లో శుభమా అని భోంచేస్తున్న చోట రభస అవుతుంది.

"మాంసవేటి బావా," అన్నాడు. "మీల్ మేకరు. తిను."

అప్పలసూరి ఒక ముక్క కొరికాడు. అది పీచుపీచుగా విడిపోయి, మసాలా నాలుక మీదకి దిగి, అక్కడ్నుంచి తిన్నగా మనసులోకి దిగింది. మారు వడ్డించమన్నాడు. మళ్ళీ వడ్డించమన్నాడు. పెరుగులోకి కూడా అదే కావాలన్నాడు. యువరాజు తలొంచుకుని, ఎవరూ ఆ కూర పేరెత్తకుండా చూడమని దేవుడికి మొక్కుతూ తిన్నాడు.

మర్నాడు అప్పలసూరి పలాస బజారు నుంచి బస్తాడు మీల్ మేకరు తెచ్చి వంటింట్లో దించాడు. కామేశ్వరమ్మ వండింది. "ఇది కాదు" అన్నాడు. బంగాళాదుంప వేసి వండింది. "ఇదీ కాదు." జీడిపప్పు నూరి, గసాలు నూరి, గంటసేపు పొయ్యి దగ్గర నిలబడి వండింది.

"తలగడ సింపి కూరొండినట్టున్నాది," అన్నాడు పెద్దమనిషి.

"అయితే ఆ ఇచ్ఛాపురంలోనే ఎవర్నో ఒకర్ని పెళ్ళి సేసుకోండి," అని ఆవిడ గరిటె పడేసింది. మిగిలిన కూర గేదెకి పెడితే అది వాసన చూసి మొహం తిప్పుకుంది.

ఇక లాభం లేదని అప్పలసూరి పలాసలో యువరాజు గొడౌనుకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ మీల్ మేకరు ఏ కంపెనీదో కనుక్కో."

"కంపెనీది కాదు బావా."

"లూజుగా అమ్ముతారేటి?"

"కాదు బావా. అదీ... సెట్టుకి కాత్తాది."

"మీల్ మేకరు సెట్టుకి కాత్తాదేట్రా?"

"కాత్తాది బావా," అన్నాడు యువరాజు, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని. "పైన ముళ్ళుంటాయి."

అప్పలసూరి మొహం ఎర్రబడింది. తర్వాత గబగబా లేచి, గోడ పట్టుకుని, కడుపు మీద చెయ్యేసుకుని, వాంతి కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

"తిని నెల కావత్తంది బావా," అన్నాడు యువరాజు మెల్లగా. "ఇప్పుడేటొత్తాది?"

నిజమే, ఏదీ రాలేదు. వచ్చిందల్లా ఆకలి. ఆ మధ్యాహ్నం టెక్కలి మెస్సు నుంచి పనసకాయ కూర క్యారియరు తెప్పించారు. గొడౌను తలుపు వేసుకుని, ఫ్యాను కింద, జీడిపిక్కల బస్తాల మధ్య అప్పలసూరి గిన్నె అడుగు దాకా ఊడ్చి తిన్నాడు. తిన్నాక మాత్రం దిగులేసింది. ఊరంతా తన కోసం ముప్పై ఏళ్ళు పొట్టుకూర మానుకుంది. ఇప్పుడు వెళ్ళి "నాకు పనస పడతన్నాదర్రా" అంటే ఏం మర్యాద? పార్టీ మారితే జనం సర్దుకుంటారు. ఇది పార్టీ కాదు కదా, పనస.

"ఎవరికీ సెప్పకు," అన్నాడు.

అలా మొదలైంది. ఎండలు ముదిరేకొద్దీ కాయలూ ముదిరాయి. వైశాఖంలో ఒకరోజు గొడౌన్లో మూలన పండిన పనస ఉంది. వాసన గుమ్మంలోనే తగిలింది. అప్పలసూరి అలవాటు కొద్దీ జేబురుమాలు తీసి, ముక్కు దాకా తెచ్చి, అక్కడ ఆపాడు. కడుపులో దేవలేదు. నోట్లో నీరూరింది. "కొయ్యరా," అన్నాడు నీరసంగా.

కూరని దాచొచ్చుగాని పండుని దాచడం దేవుడి తరం కాదు. చేతులకి జిగురు, మీసాలకి జిగురు. మీసాలు పోయే కాలమొస్తుందని భయపడి, వాటికి దండిగా కొబ్బరినూనె పట్టించుకుని మరీ పండు ముందు కూర్చునేవాడు. వాసన చంపడానికి సెంటు సీసా కొన్నాడు. జన్మలో విభూతి తప్ప ఇంకేదీ పూసుకోని మనిషి, సాయంత్రం మల్లెపూల సెంటు కొట్టుకుని, మీసాలు నిగనిగలాడుతూ ఇంటికొచ్చి, "ఆకలి లేదు కామేశ్వరీ," అనేవాడు. పైగా ఏదో తలుచుకుని నవ్వుకునేవాడు.

కామేశ్వరమ్మ అన్నీ చూసింది. ఏమీ అడగలేదు. పలాసలో బ్యాంకులో పనిచేసే కూతురు భార్గవికి ఫోన్ చేసి, మీ నాన్న రోజూ మధ్యాహ్నం ఎక్కడికెళ్తున్నాడో చూడమంది. రెండోరోజే భార్గవి ఫోను వచ్చింది. "అమ్మా, కారు యువరాజు మావయ్య గొడౌను కాడుంది. తలుపు లోపలేసుకున్నారు. నువ్వు బేగి రా."

ఆవిడ ఆటో కట్టించుకుని వచ్చేసరికి భార్గవి గుమ్మం పక్కనే నిలబడుంది. ఇద్దరూ తలుపుకి చెవి ఆనించారు.

"అబ్బ," అంటోంది లోపల అప్పలసూరి గొంతు. "ఎంత మెత్తగున్నాదిరా బావా! వయసులో ఉండగా తెలీక ఎంత పోగొట్టుకున్నాను!"

"నెమ్మది బావా. అక్కకి తెలిసిందంటే కొంపలంటుకుంతాయి."

"దానికెలగ తెలుస్తాది? అది అమాయకురాలు."

అమాయకురాలు అక్కడున్న చీపురు అందుకుంది. జీడితొక్కలు ఊడ్చే చీపురది, పొడుగ్గా, గట్టిగా ఉంది. తలుపు మీద మూడు దెబ్బలు పడేసరికి యువరాజు గడియ తీశాడు.

లోపల ఆడమనిషి లేదు. పేపరు పరిచిన బల్ల మీద సగం కోసిన పనసపండు, దాని ముందు లుంగీ ఎగ్గట్టుకుని, మోచేతుల దాకా నూనె రాసుకుని, రెండు బుగ్గలూ ఉబ్బేసుకుని తన భర్త.

"నాను తింతలేదు," అన్నాడు అప్పలసూరి. నోట్లోంచి ఒక పిక్క జారి బల్ల మీద పడింది.

కామేశ్వరమ్మకి ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు తగ్గాక, అడుగున ఉన్న కోపం పైకొచ్చింది.

"ఆడదైతే జుట్టట్టుకుని ఈడ్సేద్దును. దీన్నేటి సెయ్యను?" అంది. "ముప్పై ఏళ్ళు! ముప్పై ఏళ్ళు ఒక్క పిక్క గడప దాటనిచ్చారా?"

"నా పెళ్ళిలో పొట్టుకూర పెడదామంటే మూడు రోజులు అలిగేవు నాన్నా," అంది భార్గవి.

"అప్పుడు పడేది కాదమ్మా. నిజంగానే పడేది కాదు," అన్నాడు అప్పలసూరి దీనంగా. "ఇప్పుడు పడతన్నాది. నానేటి సేసేది? నాలుక నన్నడిగి మారిందేటి?" ఆ మాట తనకే బాగా అనిపించి కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు. "పోనీలే, మంచిదే కదా. ఇంక నువ్వు ఎండలో జలంత్రకోట ఎల్లక్కర్లేదు. పళ్ళు మనింటికే పంపమని మీ అన్నయ్యకి ఇప్పుడే ఫోన్ సేసేత్తాను."

కామేశ్వరమ్మ మొహంలో రంగు మారింది. "భార్గవీ, నువ్వు బ్యాంకుకెళ్ళు," అంది. యువరాజు చెప్పించుకోకుండానే టీకి వెళ్ళిపోయాడు.

ఇద్దరే మిగిలారు. అప్పలసూరి మంచి తొన ఒకటి ఏరి, పిక్క తీసి, ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. చివరికి మందు మింగినట్టు మింగింది.

"ఏటి? బాగునేదా?"

ఆవిడ పేపరు అంచు మడతపెడుతూ కూర్చుంది. "రెండేళ్ళయి నాకిది ఎక్కట్లేదండీ. వాసన ముక్కుకి కొట్టేత్తంది."

అప్పలసూరి నోరు తెరుచుకుంది. "మరి పదిహేన్రోజులు అక్కడ ఏటి తింతన్నావు?"

"మా వదిన ఏటి పెడితే అది. పొద్దెక్కేదాకా పడుకుంతాను. సాయంత్రం ఆటోలో సముద్రానికెళ్తాం. లేవగానే ఎవలో ఒకలు టీ తెచ్చి సేతికిత్తారు." గొంతు తగ్గించింది. "ఊరికినే ఎల్తానంటే మీరు పంపుతారా? 'ఇప్పుడెందుకు, పొలం పనులున్నాయి' అంటారు. పనస కోసమంటే మాత్రం నోరెత్తరు."

అప్పలసూరి ఆలోచించాడు. అవును, అంటాడు. ఖచ్చితంగా అలాగే అంటాడు. ఆయనకి కొంచెం సిగ్గేసింది. ఇంకో తొన తిన్నాడు.

"అయితే ఏటంటావు?"

"మీకు పనస పడదు," అంది కామేశ్వరమ్మ. "నాకు పనసంటే ప్రాణం. ఊరికి తెలిసింది అదే, అలాగే ఉండనియ్యండి."

పై వారం ఆవిడ జలంత్రకోట ప్రయాణమైంది. ఏటా వీధి మొగలోనే దింపి కారు తిప్పేసే అప్పలసూరి, ఈసారి తనూ చేతిసంచీతో దిగాడు. ఆయన్ని చూసి పెద్ద బావమరిది పోలారావు కంగారుగా వసారాలోకి పరిగెత్తాడు.

"బావగారొచ్చేరు! పళ్ళు తీసీండర్రా, బేగి తీసీండి!"

వసారాలో వరసగా పేర్చిన పనసపళ్ళని ఇద్దరు పనివాళ్ళు ఒక్కొక్కటే భుజానికెత్తుకుని ఆయన ముందు నుంచే దొడ్లోకి మోసుకుపోయారు. పండీ పండక ముందే వాసనేస్తున్న పెద్దపండు ఆయన మోచేతికి ఆనుకుంటూ వెళ్ళింది. ఎవరో వసారా కడిగేశారు. ఎవరో అగరొత్తులు వెలిగించారు. "ఏటీ అనుకోకండి బావగారూ," అని పోలారావు చేతులు పట్టుకుని బతిమాలుతుంటే, అప్పలసూరి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఊపిరి గట్టిగా లోపలికి లాగి, "పరవాలేదు, పరవాలేదు," అన్నాడు.

అవతల నట్టింట్లో వదినగారు కామేశ్వరమ్మ ఒళ్ళో పెద్ద పళ్ళెం పెట్టింది. నిండా తొనలు. "ఏడాది పాటు నోరు కట్టుకున్నావమ్మా, తిను," అంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఆప్యాయంగా చూస్తున్నారు. ఆవిడ ఒకటి తింది. రెండోది తింది. మూడోది చేతిలో పట్టుకుని గుమ్మంలోంచి భర్తకేసి చూసింది. ఆ చూపు ఆయనకి అర్థమైంది.

"కొబ్బరిమొక్కలు కొత్తవి ఏసినట్టున్నారు, సూసొత్తాను," అని ఆయన దొడ్లోకి నడిచాడు.

"చల్లగాలికి కూకుని తింతాను వదినా," అని ఆవిడ పళ్ళెంతో లేచింది.

గడ్డిమేటు వెనక ఆయన గబగబా తింటుంటే, ఆవిడ పిక్కలు ఒడిసిపట్టి కొంగులో వేసుకుంటూ కాపలా నిలబడింది. సగం పళ్ళెం అయ్యేసరికి వసారాలోంచి పోలారావు కేక వినబడింది.

"బావగారూ! అటేపెళ్ళకండి, ఆ మూల పనసచెట్టున్నాది! కడుపులో తిప్పుతాది!"

అప్పలసూరి జవాబివ్వబోయాడుగాని నోట్లో చోటు లేదు.

"నానున్నాను అన్నయ్యా," అని కామేశ్వరమ్మ గట్టిగా పలికింది. "అటేపెళ్ళకుండా సూసుకుంతాను." తర్వాత పళ్ళెం ఇంకొంచెం ఆయన వైపు జరిపింది.