కుట్టుమిషను వెంట కిటికీ

పొద్దున్నే లేవగానే టైలరక్క చేసే మొదటి పని, కిటికీ ఎక్కడుందో వెతుక్కోవడం. అద్దెకు దిగి మూడు వారాలైంది. ఉన్నది ఒకే గది, ఒకే కిటికీ. అదీ ఒక చోట ఉండదు. సూదిలో దారం ఎక్కాలంటే వెలుతురు కావాలి కదా, కుట్టుమిషను ఈడ్చుకుంటూ దాని దగ్గరికి వెళ్లేది. తెల్లారేసరికి అది మిషను ఈడ్చకముందు ఉన్న చోటికి చేరేది.

"కిటికీ మళ్లీ మారిందండీ," అని కింద ఇంటావిడతో మొరపెట్టుకుంది.

ఇంటావిడ తరుగుతున్న కూర మీంచి తలెత్తలేదు. "కొత్తలో అంతేనమ్మా. ఇదివరకున్న మాస్టారికి ఏడాది పట్టింది. గోడకి మేకులు మాత్రం కొట్టకు."

కిటికీ ఊరేగినా ఫర్వాలేదు, మేకు మాత్రం కూడదు. ఇంటివాళ్ల న్యాయం అలాగే ఉంటుంది.

టైలరక్క బెంగ వేరు. నెల తిరిగేలోపు కుదురుకోకపోతే అన్నయ్య వచ్చి తీసుకెళ్లిపోతానన్నాడు. చెల్లెలంటే ఆయనకు ప్రాణం. పైగా ఇంట్లో ఆరుగురి బట్టలు ఊరికే కుట్టిపెట్టే మనిషి ఇంకెక్కడ దొరుకుతుంది? ఉంటుందో వెళ్తుందో తనకే తెలియక, ఆవిడ ట్రంకుపెట్టె తాళమే తియ్యలేదు.

ఆఖరి ఆదివారం నడుం పట్టేసింది. కిటికీ చూస్తే ఎదురుగోడకి ఉంది.

"నా వల్ల కాదు. కావాలంటే నువ్వే రా," అంది దానితో.

చేతులు ఊరుకోక పెట్టె తెరిచింది. అడుగున పసుపు పూల గుడ్డ. తనదంటూ ఒక గది ఉంటే కర్టెన్ కుట్టుకుందామని ఎన్నేళ్ల కిందట దాచిందో! ఆ మసక వెలుతురులోనే అంచు మడిచి కుట్టసాగింది. సగం అయ్యేసరికి భుజం మీద ఎండ పడింది. తిరిగి చూస్తే వెనకే కిటికీ. ఇన్నాళ్లూ దాన్ని తను తరిమిందో, తన్నే అది తరిమిందో అంతుపట్టలేదు.

అంతలో అన్నయ్య వ్యాను మాట్లాడుకుని దిగాడు.

"గోడకి ఒక్క పటం లేదు, ఇదేం కాపురమే? పద, మీ వదిన ఎదురుచూస్తోంది."

ఎన్ని జాకెట్లు పట్టుకునో అని నాలుక చివరిదాకా వచ్చింది. ఉంటాననాలో వస్తాననాలో తేలక, పళ్ల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని ఊరుకుంది.

మౌనం అర్ధాంగీకారమనుకుని అన్నయ్య మిషను ఈడ్చుకుంటూ గుమ్మం వైపు నడిచాడు. కిటికీ గోడ వెంబడే బయల్దేరింది. ఆయన గుమ్మం చేరేసరికి తలుపు ఉండాల్సిన చోట ఊచలతో సహా నిలబడింది. ఆయన వెనక్కి జరిగితే అదీ తప్పుకుంది. ముందుకొస్తే మళ్లీ ఊచలే. మూడోసారికి అన్నయ్య చొక్కా తడిసిపోయింది.

టైలరక్క నోట్లోంచి సూదులు తీసింది. "అక్కడ పెట్టెయ్, అన్నయ్యా."

"ఎక్కడ?"

"తీసిన చోటే. నేనిక్కడే ఉంటాను."

అన్నయ్య మిషను వెనక్కి పెడితే కిటికీ గుమ్మం వదిలింది. ఆయన ఖాళీ వ్యాను ఎక్కి వెళ్లాడు. కర్టెన్ కుట్టి కట్టడం అయ్యాక ఇంటావిడ మెట్లెక్కి వచ్చి దాన్ని ఎత్తి చూసింది. ఊచలకి దారంతో కట్టి ఉంది, మేకు లేదు. తృప్తిగా దిగిపోయింది.

మర్నాడు లేచి టైలరక్క నాలుగు గోడలూ వెతకబోయింది. కర్టెన్ కట్టిన చోటే ఊగుతోంది. ఇక పొద్దున్నే ఏం చెయ్యాలో తోచక కాసేపు అలాగే నిలబడి, తర్వాత టీ పెట్టుకుంది.