వినడానికో మైకు

మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన్ని వీధివీధంతా మైకాయన అనేది. చేతిలో మైకు లేకపోయినా గొంతు నాలుగిళ్ల అవతలికి వినబడేది కాబట్టి ఆ పేరుకు ఢోకా లేదు. ఇంట్లో ఆయన ఉపన్యాసం శ్రుతి మించితే భార్య గరిటెతో వంటగట్టు మీద రెండు దెబ్బలు వేసేది. ఇక చాలు అని దానర్థం. ఆయన ఓ క్షణం ఆగి, "ఆఁ, ఏం చెబుతున్నానూ..." అంటూ మళ్లీ అందుకునేవాడు.

భూకంపం వచ్చిన ఉదయం ఆయన పాల ప్యాకెట్టు కోసం వెళ్లి, కొట్టువాడికి వాడి కొట్టు ఎలా నడపాలో బోధిస్తూ నిలబడిపోయాడు. అందుకే బతికాడు. వాగుడు వల్ల దక్కిన ప్రాణం అని తనమీద తనకే అసహ్యం వేసింది. ఇంటికొచ్చి చూస్తే మూడంతస్తులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. భార్య లోపలే ఉంది.

ఆయనకి తెలిసిన విద్య ఒక్కటే. బావమరిది చేత తన మైకుసెట్ల కొట్లోంచి మైకు, బ్యాటరీ, హారన్లు తెప్పించి శిథిలాల ముందు బిగించాడు. "ఏమేవ్! నేనిక్కడే ఉన్నాను! భయపడకు! ఒక్కసారి పలుకు!" అని అరిచి, ఆవిడ పలకడానికి సందివ్వకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. రాత్రంతా అదే వరస.

మర్నాడు ఏదో దూరదేశం నుంచి సహాయక బృందం దిగింది. ఎర్ర హెల్మెట్లు, పెట్టెల నిండా వైర్లు, ఒక కుక్క. వాళ్లని చూడగానే మైకాయన మైకున్న చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"సముద్రాలు దాటి మన వీధికి విచ్చేసిన అతిథులకు స్వాగతం, సుస్వాగతం!"

వాళ్లలో ఒకతను మర్యాదకి చప్పట్లు కొట్టాడు.

"బావా, అక్క లోపలుంది," అన్నాడు బావమరిది పళ్లు కొరుకుతూ.

"తెలుసురా! తెలిసే మాట్లాడుతున్నాను!"

బృందానికి పెద్ద ఒక పొడుగావిడ. శిథిలాల మీద అక్కడక్కడా చిన్న చిన్న పరికరాలు అమర్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పిడికిలి పైకెత్తింది. యంత్రాలు ఆగాయి. తవ్వేవాళ్లు ఆగారు. కుక్క కూడా కూర్చుంది.

"హలో, హలో! అందరూ దయచేసి నిశ్శబ్దం పాటించవలసిందిగా కోరుతున్నాం!"

పొడుగావిడ కెవ్వుమని చెవుల మీంచి హెడ్‌ఫోన్లు లాగేసింది. మళ్లీ పిడికిలెత్తింది.

"ఇంకా ఎవరో మాట్లాడుతున్నారు, దయచేసి..."

ఆవిడ వచ్చి బ్యాటరీ వైరు పీకేసింది. కోప్పడుతుందనుకుంటే, భుజం పట్టి పక్కన కూర్చోబెట్టుకుని హెడ్‌ఫోన్లు ఆయన చెవులకే తగిలించింది. పుట్టి బుద్ధెరిగాక, వినడానికి కూడా మైకుంటుందని ఆయనకి తెలియడం అదే మొదలు.

చెవుల్లో ఏమీ లేదు. ఆయన నిన్నటినుంచి నోరు ఆపనిది ఇందుకే. ఆపితే ఏమీ వినబడదేమోనని. ఏమీ వినబడకపోతే ఇక ఆవిడ లేనట్టేనని. ఆ భయం ఇంకెవరికీ కనబడకుండా స్వాగతాలు కూడా పలికాడు, వెధవ.

టక్, టక్.

ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. పొడుగావిడ చెయ్యి గట్టిగా పట్టుకుని రెండు వేళ్లు చూపించాడు.

సాయంత్రానికి వంటగట్టు కిందనుంచి ఆవిణ్ణి బయటికి తీశారు. ఒళ్లంతా దుమ్ము, చేతిలో గరిటె.

"నిన్నటినుంచి కొడుతూనే ఉన్నానండీ!" అంది నీరసంగా. "మీరు ఒక్క నిమిషం నోరు మూస్తే కదా!"

వీధంతా ఏడుస్తూనే నవ్వింది. ఎర్ర హెల్మెట్లకి ఏమీ అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వారు. మైకాయన మాత్రం తల వంచుకుని పొడుగావిడకి దణ్ణం పెట్టి, అంబులెన్సు ఎక్కి, పెదాలు బిగించి కూర్చున్నాడు. ఈ నోరు ఇంకాసేపు ఆడుంటే ఏమయ్యేదో తలుచుకుని, జన్మలో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

దారిలో భార్య కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. కాసేపు ఎదురుచూసింది. తర్వాత గరిటెతో స్ట్రెచర్ కమ్మీ మీద రెండు దెబ్బలు వేసింది.

"ఏమైందండీ మీకు? ఏదో ఒకటి మాట్లాడండి. నాకు భయమేస్తోంది."

"ఆఁ, ఏం చెబుతున్నానూ..." అన్నాడాయన. మిగతాదంతా ఏడుపే.

ఆవిడ గరిటె పక్కన పెట్టి, అది వింటూ నిశ్చింతగా కళ్లు మూసుకుంది.