ఊపిరి బిగబట్టే ఆట

నా గొంతు వయసు ఆరేళ్ళు. నా వయసు మీకెందుకు గానీ, మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళే చెబుతాయి. కార్టూన్లలో కుందేలు పిల్ల, సినిమాల్లో తప్పిపోయిన పాప, టీవీలో పళ్ళు తోముకోనని మారాం చేసే బుడ్డోడు, అందరూ నేనే. డబ్బింగ్ స్టూడియోలో చిన్నా పెద్దా నన్ను పాపాయక్క అనే పిలుస్తారు.

అలాంటి నా నెత్తిన ఒక యుద్ధం సినిమా తెచ్చిపెట్టింది ఓ డైరెక్టరమ్మ. కథా సినిమా కాదు, డాక్యుమెంటరీ. యుద్ధం మధ్య బతుకుతున్న పిల్లల్ని వాళ్ళ ఇళ్ళలోనే కూర్చోబెట్టి మాట్లాడించింది. ఇళ్ళంటే ఏముంది, నాలుగు గోడల్లో మిగిలిన రెండు. పిల్లలు వాళ్ళ భాషలో చెబుతారు, మేం మన భాషలో పలకాలి. నా వంతుకు తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చింది. ముందు పన్ను సగం విరిగి ఉంది. ఆ పన్ను చూడగానే, మాటకి కాస్త ఈల తగిలించాలని అనుకున్నాను. నా బుద్ధి అంతే, ముందు పని కనిపిస్తుంది.

మా పనిలో మాటలదేముందండీ, ఎవరైనా పలుకుతారు. ఊపిరి దొరకాలి. తెర మీది మనిషి ఎక్కడ గాలి పీలిస్తే మేమూ అక్కడే పీల్చాలి, ఎక్కడ వదిలితే అక్కడే వదలాలి. అది కుదిరితే మాటలు వాటంతటవే పెదాల మీద కూర్చుంటాయి. అందుకే నేను మొదటిసారి నోరు మెదపకుండా, ఊపిరి మాత్రం కలుపుతూ బొమ్మంతా చూస్తాను.

పిల్ల చెబుతోంది. విమానాలు వచ్చినప్పుడల్లా అమ్మ తననీ తమ్ముణ్ణీ మెట్ల కింద అరలో కూర్చోబెట్టి ఒక ఆట ఆడించేదట. చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టాలి. ముందు వదిలినవాళ్ళు ఓడిపోయినట్టు. పిల్లలు భయపడి కేకలు పెట్టకుండా ఆ తల్లి కనిపెట్టిన ఉపాయం.

"ఆ రోజు గోడ పడింది. అంతా దుమ్ము. నేను నోరు తెరిచేశాను. వాడు తెరవలేదు."

అని, పిల్ల ఊపిరి బిగబట్టింది. రెప్ప వెయ్యకుండా కెమెరాలోకి చూస్తూ అలాగే ఉండిపోయింది. అమ్మో, ఎంతసేపు! తర్వాత మెల్లగా అంది, "తమ్ముడు గెలిచాడు."

నాకు మధ్యలోనే ఊపిరి చాల్లేదు. గబుక్కున పీల్చేశాను.

"అక్కా, గాలి వినబడింది," అన్నాడు అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు. నాతోపాటే ఈ స్టూడియోలో ముసలాడైనవాడు.

"వినబడక చస్తుందా! నేనేమైనా చేపనా?" అని కసిరాను. మళ్ళీ చేశాం. మళ్ళీ అక్కడే ఆగిపోయాను. ఎన్ని టేకులైనా అదే వరస.

ఆ సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అలవాటు చేసుకుందామని. పాలు పొంగి గట్టంతా పారాయి. మా ఆయన పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, "కళ్ళెదుట పొంగుతుంటే చూస్తూ నిలబడ్డావేమిటే?" అన్నాడు.

"తమ్ముడు గెలిచాడు," అన్నాను. నా గొంతు కాదది, ఆ పిల్లది. నేను అనాలనుకోలేదు, అదే వచ్చింది. మా ఆయన మొహం పాలిపోయింది. మా ఇంట్లోనూ మెట్ల కింద ఒక అర ఉంది, పాత పేపర్లు, విరిగిన కుర్చీ పడేస్తాం. దాని తలుపు మూసి ఉంటే చూడలేకపోయాను. బార్లా తెరిచి ఇటుక అడ్డం పెట్టాను.

మర్నాడు డైరెక్టరమ్మ స్క్రిప్టులో ఆ మాట మార్చి తెచ్చింది. 'తమ్ముడు గెలిచాడు' కొట్టేసి, 'తమ్ముడు చచ్చిపోయాడు' అని రాసింది.

నాకు ఒళ్ళు మండింది. "పిల్ల అనని మాట నేనెందుకు అంటానమ్మా?"

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పిల్ల ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉందట, పిన్ని దగ్గర. ఇక్కడి బడికి వెళ్తోంది, మన భాష గడగడా మాట్లాడుతుంది. ఆ గోడ కిందే పోయిన తల్లిని పూడ్చినప్పుడు కళ్ళారా చూసింది. తమ్ముణ్ణి మాత్రం ఎవరో దుప్పట్లో చుట్టి బండిలో తీసుకెళ్ళారు. వాడు దూరంగా పెద్దాసుపత్రిలో ఉన్నాడని పిన్ని పిల్లకి చెప్పింది. రెండేళ్ళుగా అదే చెబుతోంది.

"నిజం తన నోటితో చెప్పలేనంటోంది పిన్ని, అక్కా. సినిమాలో వినిపించెయ్యండి, మీకు పుణ్యముంటుందని కాళ్ళావేళ్ళా పడింది. ఆదివారం ఇద్దరూ సినిమా చూడ్డానికి వస్తున్నారు."

"అంటే ఆ పిల్ల అందరి మధ్యా కూర్చుని, తన మొహమే తమ్ముడు పోయాడని చెబుతుంటే వినాలా? ఆ మాట నేను దాని నోట్లో పెట్టాలా? మీ ఇద్దరికీ బుద్ధుందా తల్లీ?"

"నాకేమన్నా సరదానా అక్కా," అందామె. కళ్ళు నిండాయి. "మీరు కాదంటే ఇంకొకరు పలుకుతారు."

పలుకుతారు. అదీ నిజమే. కోపం దిగి భయం పట్టుకుంది నాకు. "ఇద్దర్నీ రేపు ఇక్కడికి తీసుకురా," అన్నాను. "ఎదురుగా కూర్చోబెట్టుకుని పిన్నినే చెప్పమను. ఆ తర్వాత నువ్వు ఏం రాసిస్తే అది పలుకుతాను."

బడి వదిలాక వచ్చారు. పిన్ని బట్టలు కుట్టే మనిషి, మెళ్ళో కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చింది. పిల్లతోపాటు అద్దం అవతల ఇంజనీరు పక్కన కూర్చుంది. టీ చల్లారిపోయింది గానీ నోరు పెగల్లేదు. పిల్ల విసుగెత్తి, బరువైన తలుపు తోసుకుని మైకు గదిలోకి నా దగ్గరికొచ్చింది. పొడుగైంది. పన్ను మాత్రం అదే.

"నా గొంతు మీరేనా? ముసలమ్మలా ఉన్నారే!"

"ముసలమ్మనే. నోరొక్కటే నీది," అన్నాను. కిలకిలా నవ్వింది.

"ఏదీ, వినిపించండి."

ఇంజనీరుకి చెయ్యూపాను. తెర మీద బొమ్మ వచ్చింది. బొమ్మతోపాటు మైకు తెరవడం వాడికి అలవాటు, ఎర్రలైటు కూడా వెలిగింది. నేను పలికాను. విమానాలు, మెట్ల కింద అర, గోడ, దుమ్ము. వాడు తెరవలేదు. తెర మీది పిల్ల ఊపిరి బిగబట్టింది. పక్కన చూస్తే ఈ పిల్లా బుగ్గలు పూరించి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. దానికోసమైనా ఈసారి వదలకూడదనుకున్నాను. కళ్ళు చీకట్లు కమ్మి, నోరు తెరిచేశాను.

పిల్ల బుస్సున గాలి వదిలి, "మీరు ఓడిపోయారు," అంది.

"ఓడిపోయానమ్మా. మళ్ళీ మళ్ళీ అక్కడే ఓడిపోతున్నాను."

"మంచిదే కదా. ఓడిపోవాలి." దాని చూపు తెర మీది తన మొహం మీదే ఉంది. "వాడికి చెప్పాను. చెవిలో చెప్పాను, ఓడిపోరా, ఇంక చాలు, ఓడిపోరా అని. గిల్లాను కూడా. చెయ్యి చల్లగా ఉంది. వాడు వినలేదు."

దాని తల నా పొట్టకి హత్తుకున్నాను.

"పిన్నికి చెప్పకండి," అంది నా చీరలోంచి. "ఆసుపత్రిలో ఉన్నాడనుకుంటోంది. పాపం, తెలిస్తే తట్టుకోలేదు."

అద్దం అవతల పిన్ని లేచి నిలబడి ఉంది. మెళ్ళోని టేపు రెండు చేతులతో నోటికి నొక్కుకుంది. ఇంజనీరు మైకు కట్టెయ్యబోయి, చెయ్యి గాల్లోనే ఆపేశాడు. పిల్ల తలెత్తి ఎర్రలైటు చూసింది. తర్వాత అద్దం వైపు చూసింది.

"వినబడిందా?" అని నన్ను అడిగింది.

"వినబడిందమ్మా," అన్నాను.

తలుపు తెరుచుకుంది. పిన్ని లోపలికొచ్చి పిల్ల ముందు నేల మీద కూలబడింది. "నీకెప్పట్నుంచి తెలుసే?"

"నీకో?" అంది పిల్ల.

పిన్ని గుండెలు పగిలేలా ఏడ్చింది. పిల్ల ఆమె మెళ్ళోంచి టేపు తీసి, జాగ్రత్తగా చుట్టి, చేతిలో పెట్టింది. అప్పుడు తనూ నోరు తెరిచి ఏడ్చింది.