రాతిమృగం ముందు పిచ్చుక

పిచ్చుక అని ఆమెకు పేరు పెట్టింది అన్నయ్య. చిన్నప్పుడు ఒక్క నిమిషం నోరు మూసుకునేది కాదట. అలాంటి మనిషి, ముప్పై రెండేళ్లు వచ్చాక అన్నయ్య ఇంటికి వచ్చి, మూడు వారాలుగా ఊఁ అనీ ఊహూఁ అనీ తప్ప పలకడం లేదు. ఆమెది ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఒకరోజు పైఅధికారి అందరి ముందూ, "నీ గొంతు వింటేనే జనానికి ఒళ్లు మండుతోంది" అన్నాడు. మర్నాడు ఫోను ఎత్తితే గొంతు పెగల్లేదు. సెలవు పెట్టి వచ్చేసింది.

వదినకు కళ్లద్దాల దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, పనిబల్ల తుడిచి, దాని మీద పాచికలు పోసేది. అదొక కథల ఆట: ఆమె కథ చెబుతుంటే మిగతావాళ్లు అందులో మనుషులై తిరిగేవారు, ఎవరి పని ఫలించిందో పాచికలు తేల్చేవి. అన్నయ్య మాంత్రికుడు. ఎదురింటి బస్సు డ్రైవరు గద పట్టిన యోధుడు. పిచ్చుకకు వదిన ఒక కత్తివీరురాలి పాత్ర ఇచ్చి, ఆ వీరురాలి బలం, ప్రాణం అంకెల్లో ఒక కాగితం మీద రాసిచ్చింది. రెండు ఆదివారాలు ఆ వీరురాలు కత్తి దూయకుండా అందరి వెనకా నడిచింది.

మూడో ఆదివారం ముసురు పట్టింది. వాననీటి నీడలు గోడ మీద మెల్లగా జారుతున్నాయి. ట్రేలలో పేర్చిన అద్దాలు ఒక్కొక్కటీ ఒక్కో చిన్న కిటికీని దాచుకున్నట్టున్నాయి. వదిన గొంతు తగ్గించి చెబుతోంది: గుహ, అందులో నల్లటి నీరు, ఆ నీటి నడుమ నిద్రపోతున్న రాతిమృగం. అది ఊపిరి వదిలినప్పుడల్లా తడి నాచు వాసన. పిచ్చుకకు చీలమండల దగ్గర చల్లగా తగిలింది. బల్ల కిందకి వంగి చూసుకుంది. తన చెప్పులు పొడిగానే ఉన్నాయి.

మృగం లేచింది. రెండు దెబ్బలకే డ్రైవరు యోధుడు స్పృహ తప్పి పడిపోయాడు.

"అన్నయ్యా, నువ్వేదో ఒకటి చెయ్యి," అంది పిచ్చుక. ఆ రోజు ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

"నా దగ్గర మిగిలింది పాలు విరగ్గొట్టే మంత్రం ఒక్కటేనే తల్లీ!"

వదిన ఇరవై ముఖాల పాచికను ఆమె ముందుకు జరిపింది.

"నాకు ఈ లెక్కలు రావు వదినా."

"రెండే లెక్కలు. మొదటిది, దెబ్బ తగిలిందా లేదా. ఈ పాచిక వేసి, వచ్చిన అంకెకి నీ కాగితం మీదున్న అయిదు కలుపు. దీని రాతిచర్మం పదిహేడు. అంత వచ్చినా, అంతకంటే ఎక్కువ వచ్చినా తగిలినట్టు. తక్కువొస్తే కత్తి జారిపోయినట్టు."

"తగిలితే చచ్చిపోతుందా?"

"అదే చెప్తున్నా. తగలడం వేరు, గాయం వేరు. తగిలాక ఎనిమిది ముఖాల పాచిక వేసి, నీ బలం మూడు కలిపితే గాయం ఎంతో తెలుస్తుంది. అంత దాని ప్రాణంలోంచి తీసేస్తాం. వీళ్ల గద దెబ్బలూ మంత్రాలూ పోను ఇప్పుడు దానికి పదమూడు మిగిలింది."

పిచ్చుక కళ్లు మూసుకుని పాచిక వేసింది. అది అద్దాల ట్రేకి కొట్టుకుని, గిరగిరా తిరిగి ఆగింది. ఇరవై.

డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. "పిచ్చుకమ్మా, ఇరవై పడితే గాయం పాచిక రెండుసార్లు! బలం మాత్రం ఒక్కసారే కలుపుకోవాలి."

ఆరు పడింది, ఆ తర్వాత ఒకటి. మూడు కలిపితే పది. రాతిమృగం భుజం పగిలి, లోపలి నుంచి లేత నీలం వెలుగు నీళ్లలోకి కారింది. ఇంకా మూడు మిగిలాయి.

"ఇప్పుడు దాని వంతు," అంటూ వదిన పాచిక వేసింది. "తొమ్మిది, దానికి ఆరు కలిపితే పదిహేను. నీ కవచం కూడా పదిహేనే. సమానమైనా తగిలినట్టే."

గుహ చీకటి బల్ల అంచుల దాకా వచ్చింది. రాతి పంజా నెమ్మదిగా, నీటి అడుగున కదిలినట్టు, పిచ్చుక రొమ్ము వైపు దిగుతోంది.

"అయిపోయాను కదూ?" అంది.

వదిన మృగం తరఫున గాయం పాచికలు రెండు వేసి, కూడి చూసింది. "గాయం ఆరు. నీ ప్రాణం ఎంతుంది?"

"ఇరవై."

"తీసెయ్."

పిచ్చుక పెన్సిలుతో ఇరవై కొట్టేసి, పక్కన పద్నాలుగు రాసింది. ఆ అంకెను చాలాసేపు చూసింది. "ఇంకా ఇంత ఉందా?"

"ఉంది మరి. నిలబడే ఉన్నావు."

పిచ్చుక మళ్లీ పాచిక వేసింది. పన్నెండు. వేళ్ల మీద లెక్కపెట్టి, "అయిదు కలిపితే పదిహేడు. సమానం. తగిలింది!" అని తనే చెప్పింది. గాయం పాచిక దొర్లి దొర్లి ఒకటి దగ్గర ఆగింది. అన్నయ్య అయ్యో అని తల పట్టుకున్నాడు.

"అయ్యో ఏంటి? మూడు కలిపితే నాలుగు. దానికి మిగిలింది మూడే!"

వదిన నవ్వుతూ తల ఊపింది. రాతిమృగం కూలలేదట. మెత్తగా మోకాళ్ల మీద వాలి, తల నీళ్లలో పెట్టుకుని, నున్నటి గులకరాళ్లుగా విడిపోయిందట. దాని వెనక ఒక తలుపు కనబడిందట.

"తలుపవతల ఏముంది?" అని అడిగాడు డ్రైవరు.

"నిజం చెప్పనా? అక్కడిదాకా నేనింకా ఆలోచించలేదు," అంది వదిన.

వాన సన్నబడింది. పిచ్చుక గొంతు సవరించుకుంది.

"మెట్లున్నాయి," అంది. "కిందకి కాదు, పైకి. తడిసిన మెట్లు. ఎక్కుతుంటే పైన ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది..."

ఆమె చెబుతూ పోయింది. బొంగురు గొంతు మెల్లగా విచ్చుకుంటోంది. అన్నయ్య పక్కన చల్లారుతున్న టీ సంగతి మరిచిపోయి, చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నాడు. వదిన పెన్సిలు తీసుకుని ఆమె మాటలు రాసుకోవడం మొదలుపెట్టింది.